మూడంగుళాల కప్పు

అయిదేళ్ళ పిల్లాడు. ఒళ్ళు చూస్తే పుల్ల, తల మాత్రం పెద్దది. ఏం పెట్టినా కడుపులో ఇమడదు. తోటి పిల్లలు రొట్టెలూ పళ్ళూ నములుతుంటే వీడికి మాత్రం ఇంకా పసిపిల్లల ఆహారమే. అరడజను మంది డాక్టర్లు చూశారు. ఒక్కరూ ఇదీ రోగమని తేల్చి చెప్పలేకపోయారు. ఆ ఇంట్లో తల్లి పడిన బెంగ ఎలాంటిదో, తినని పిల్లాడి వెనకాల గిన్నె పట్టుకు తిరిగిన ఏ అమ్మకైనా వేరే చెప్పక్కర్లేదు.

ఆ పిల్లాడే ఇరవై ఎనిమిదేళ్ళకల్లా ప్రపంచంలోకెల్లా గొప్ప గోల్ఫ్ ఆటగాడనిపించుకున్నాడు. పేరు బాబీ జోన్స్. అతని కడుపుకి పట్టిన మందు ఏ సీసాలోనూ దొరికింది కాదు. ఓ పాత కర్ర, ఓ బంతి, ఇంటి ముందు మట్టి రోడ్డు, కూడా ఆడే పిల్లలు... అంతే!

గోల్ఫ్ అంటే మనలో చాలామందికి టీవీలో కనిపించే పచ్చటి మైదానాలు, టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులే గుర్తొస్తారు. కానీ ఆట కిటుకు మాత్రం మన గోళీలాటకి దగ్గరే. దూరంగా ఓ గుంత ఉంటుంది. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి అందులో వెయ్యాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. పెద్దల మైదానంలో అలాంటి గుంతలు పద్ధెనిమిది. బాబీకి మొదట దొరికినవి రెండే.

అమ్మ భయం

బాబీ 1902 మార్చి 17న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అట్లాంటా నగరంలో పుట్టాడు. అసలు పేరు రాబర్ట్ టైర్ జోన్స్. అది తాతగారి పేరు. తండ్రి లాయరు. తల్లి క్లారా చాలా చిన్న విగ్రహం. బాబీకి ముందు పుట్టిన బిడ్డ నెలల పసికందుగా ఉండగానే పోయాడు. ఆ దుఃఖం ఆరకముందే చేతికొచ్చిన రెండో బిడ్డా ఇలా బలహీనంగా ఉంటే ఆవిడ గుండె ఎలా నిలుస్తుంది? ఏ పిల్లాడి నుంచి ఏ జబ్బు అంటుకుంటుందోనని బాబీని నలుగురిలోకి పంపడానికే భయపడేదట.

తండ్రి బాధ వేరు. కుర్రతనంలో ఆయన మంచి బేస్‌బాల్ ఆటగాడు. దాన్నే వృత్తిగా తీసుకునే అవకాశం వచ్చింది. కానీ బాబీ తాతగారు మిల్లు యజమాని, నిష్ఠాపరుడు. ఆటలు ఆడి బతకడమేమిటని ఆయన ఒప్పుకోలేదు. కొడుకు నోరెత్తకుండా లా చదువుకున్నాడు. ఆ కోరిక మాత్రం మనసులో ఓ మూల ఉండిపోయింది. తన కొడుకు ఏ ఆట ఆడతానన్నా అడ్డు చెప్పకూడదని అప్పుడే అనుకున్నాడో ఏమో!

1907 వేసవిలో ఆ కుటుంబం నగరం వదిలి, కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఈస్ట్‌లేక్ అనే చోటికి మకాం మార్చింది. చెరువు, చెట్లు, మంచి గాలి. దగ్గర్లోనే కొత్తగా వేసిన గోల్ఫ్ మైదానం. అక్కడ మెడోర్ అనే ఆవిడ నడిపే బోర్డింగ్ హౌస్‌లో దిగారు. బిడ్డ నాలుగు రోజులు ఎండలో తిరిగితే ఒళ్ళు పడుతుందేమోనన్నదే వాళ్ళ ఆశ. అంతకుమించి ఆటగాణ్ణి చెయ్యాలని ఎవరికీ లేదు.

మట్టి రోడ్డు, రెండు గుంతలు

ఆ బోర్డింగ్ హౌస్‌లోనే ఫుల్టన్ కాల్విల్ అనే ఆయన ఉండేవాడు. ఆయన గోల్ఫ్ ఆడుతుంటే బాబీ కళ్ళార్పకుండా చూస్తూ నిలబడేవాడు. అది గమనించి, ఇనుప తల ఉన్న ఓ పాత కర్రని తనకెలాగూ అక్కర్లేదని పిల్లాడికిచ్చేశాడాయన. పెద్దవాళ్ళ కర్ర అయిదేళ్ళవాడి చేతిలో ఆగుతుందా? అందుకని పిడి వైపు కోయించి పొట్టిగా చేశారు. చూడండి, ఎంత చిన్న పనో! కానీ ఆ కోత లేకపోతే ఆ కర్ర రెండ్రోజుల్లో మూలపడేదే.

మెడోర్‌గారి అబ్బాయి ఫ్రాంక్ బాబీకి జట్టు. అసలు మైదానంలోకి ఇంత చిన్నపిల్లల్ని ఎవరు రానిస్తారు? అందుకే ఇద్దరూ కలిసి ఇంటి ముందు మట్టి రోడ్డు మీదే సొంత మైదానం తయారుచేసుకున్నారు. మొత్తం రెండే గుంతలు. అందులో ఒకటి రోడ్డు పక్కన నీళ్ళు పోయే కాలువే! బంతి అందులో పడితే గుంతలో పడినట్టే లెక్క. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి... రోజంతా అదే పని. బంతి చిన్న వంతెన కిందకి దొర్లిపోతే బాబీ నడిరోడ్డు మీద గెంతులేసి మరీ ఏడ్చేవాడట! ఆ కోపం సంగతి మళ్ళీ చెప్పుకుందాం.

ఆ వేసవిలో ఇంకో వింత జరిగింది. పొద్దస్తమానం ఎండలో తిరిగొచ్చిన పిల్లాడికి ఆకలి వెయ్యడం మొదలైంది. పెట్టింది తిన్నాడు, తిన్నది ఒంటబట్టింది. చెంపలకి కాస్త రంగొచ్చింది. గోల్ఫే నయం చేసిందని ఏ డాక్టరూ రాసివ్వలేదు గానీ, ఇంట్లో కూర్చోబెట్టి కాపాడాలనుకున్నంత కాలం రాని బలం, తలుపు తీసి వదిలాక వచ్చింది. క్లారా దృష్టిలో అంతకుమించిన బహుమతి ఇంకేముంటుంది?

వెనకాలే తిరిగి నేర్చుకున్నాడు

తరవాత ఆ కుటుంబం గోల్ఫ్ మైదానాన్ని ఆనుకునే ఉన్న చిన్న ఇంట్లోకి మారింది. అమ్మా నాన్నా కూడా ఆట మొదలుపెట్టారు. వాళ్ళు ఆడుతుంటే బాబీ తన పొట్టి కర్రతో వెనకాలే పరుగెత్తేవాడు. పెద్దవాళ్ళకి అడ్డు రాకూడదు, వెనకబడకూడదు. అంతకుమించి వాడికి పెట్టిన నియమాలేమీ లేవు.

1908 ప్రాంతంలో స్కాట్లండులోని కార్నూస్టీ అనే ఊరి నుంచి స్టూవర్ట్ మెయిడెన్ అనే ఆయన ఆ క్లబ్బుకి శిక్షకుడిగా వచ్చాడు. పొట్టి మనిషి, మాట తక్కువ, ఆట మాత్రం చూడముచ్చట. తడబాటు లేకుండా నిలబడి, సులువుగా కర్ర తిప్పి కొట్టేవాడు. ఆరేళ్ళ బాబీ ఆయన వెంట పడ్డాడు. మాట్లాడ్డు, ప్రశ్నలడగడు. నాలుగైదు గుంతలదాకా ఆయన వెనకాలే నడిచి, అంతా చూసి ఇంటికి పరుగెత్తేవాడు. తన టోపీ నిండా పాత బంతులు పోసుకుని, ఇంటి వెనకున్న పదమూడో గుంత దగ్గరికెళ్ళి, ఆయన ఎలా కొట్టాడో అచ్చం అలాగే కొట్టి చూసుకునేవాడు. బంతులన్నీ గుంత దగ్గరికి కొట్టడం, ఒక్కొక్కటే లోపలికి తొయ్యడం, మళ్ళీ టోపీలో ఏరుకోవడం... చీకటి పడేదాకా ఇదే ఆట.

మెయిడెన్ ఏనాడూ బాబీని కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. చెయ్యి ఇలా పెట్టు, కాలు అలా పెట్టు అని సతాయించలేదు. అయినా కొన్నేళ్ళకి దూరం నుంచి చూసినవాళ్ళు ఆడుతున్నది మెయిడెనో బాబీయో గుర్తుపట్టలేకపోయేవాళ్ళట. చిన్నపిల్లలకి కళ్ళే చెవులు. మనం చెప్పింది వాళ్ళకి ఎక్కకపోవచ్చు, చేసింది మాత్రం ఇట్టే ఎక్కేస్తుంది. ఇంట్లో పిల్లలు మన మాటా నడకా అనుకరించి నవ్వించడం మనకి తెలియందా!

బాబీకి ఆ విద్యా బాగానే వచ్చు. ఇంటికి వచ్చే స్నేహితులు ఒక్కొక్కరూ ఎలా కర్ర తిప్పుతారో చేసి చూపించేవాడు. నాన్నగారికి అదో వేడుక. ఓసారి ఓ జడ్జిగారి ఎదురుగానే ఆయన్ని అనుకరించమన్నారు. పిల్లాడు ఏమాత్రం తగ్గకుండా చేసి చూపించాడు. అందరూ పగలబడి నవ్వారు... జడ్జిగారు తప్ప!

ఆ కప్పు ఎవరిది?

ఈస్ట్‌లేక్‌లో పిల్లల గుంపు ఒకటి తయారైంది. బాబీ, ఫ్రాంక్, పెర్రీ అడేర్ అనే కుర్రాడు, ఇంకా అలెక్సా స్టిర్లింగ్. అలెక్సా ఓ డాక్టరుగారమ్మాయి. బాబీ కన్నా నాలుగైదేళ్ళు పెద్దది. వయొలిన్ నేర్చుకునేది, వడ్రంగిపనన్నా, పెద్దయ్యాక మోటారు కారు మరమ్మతన్నా ఇష్టపడేది. గోల్ఫ్‌లో ఆమెదీ మెయిడెన్ బాటే. పైగా ఎంత ఓడిపోతున్నా మొహంలో చిరాకన్నది కనిపించనిచ్చేది కాదు.

1908లో మెడోర్‌గారు పిల్లలకి సరదాగా ఓ పోటీ పెట్టారు. ఆరు గుంతలు ఆడాలి. బహుమతి మూడంగుళాల ఎత్తున్న చిన్న వెండి కప్పు. పిల్లలు ఆడారు. దెబ్బలు లెక్క వేశారు. కప్పు బాబీకిచ్చారు. ఆరేళ్ళవాడి సంతోషం ఇంతా అంతా కాదు. ఆ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకునే పడుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ ఆ రోజు నిజంగా తక్కువ దెబ్బల్లో ముగించింది అలెక్సా! లెక్క రాసినవాళ్ళు బాబీ పేరు చెప్పేశారు. ఆడపిల్ల గెలిచిందంటే మగపిల్లలకి నామోషీ అనుకున్నారో, బక్కపిల్లాణ్ణి చూసి జాలిపడ్డారో, లెక్కలోనే పొరబడ్డారో... కారణం ఏదైనా పోయింది మాత్రం ఆమె కప్పు. ఇలాంటివి మన ఇళ్ళలోనూ కొత్త కావు. తమ్ముడు చిన్నవాడు కదా, వాడికిచ్చెయ్యమ్మా అంటూ అక్కచేతిలోది తీసి ఇచ్చిన సందర్భాలు ఎన్ని లేవు?

విశేషమేమిటంటే ఈ సంగతి బయటపెట్టింది బాబీయే. పాతికేళ్ళ వయసులో, పేరు మారుమోగిపోతున్న రోజుల్లో, 1927లో అచ్చయిన తన జీవితకథలో, ఆ కప్పు నిజానికి అలెక్సా గెలుచుకున్నదేనని నమ్ముతున్నట్టు రాశాడు. అప్పటికి ఇంటి నిండా కప్పులే. అయినా అన్నిటికన్నా శ్రద్ధగా తోమి మెరిపించేది ఆ మూడంగుళాల కప్పునేనట. అది గెలుపు గుర్తో, బాకీ గుర్తో మరి!

కోపం తెచ్చిన చేటు

తొమ్మిదేళ్ళకి బాబీ క్లబ్బులోని కుర్రాళ్ళ పోటీలో పదహారేళ్ళ అబ్బాయిని ఓడించి కప్పు తెచ్చుకున్నాడు. పద్నాలుగేళ్ళకి, 1916లో, మెరియన్ అనే చోట జరిగిన అమెరికా జాతీయ అమెచ్యూర్ పోటీల్లో పెద్దవాళ్ళతో తలపడి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు. పత్రికలన్నీ ఆ పిల్లాడి గురించే రాశాయి. అదే ఏడాది అలెక్సా ఏం చేసిందో తెలుసా? పందొమ్మిదేళ్ళకే అమెరికా మహిళల జాతీయ ఛాంపియన్ అయింది! యుద్ధం వల్ల రెండేళ్ళు పోటీలు ఆగాయి. మళ్ళీ మొదలుకాగానే 1919లోనూ 1920లోనూ ఆమే గెలిచింది. బాబీకి పెద్ద టైటిల్ ఒక్కటీ రాకముందే ఆమె ఖాతాలో మూడున్నాయన్నమాట.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో రెడ్‌క్రాస్‌కి నిధుల కోసం బాబీ, అలెక్సా, పెర్రీ, చికాగో వైపు నుంచి ఎలేన్ రోసెంథాల్ అనే అమ్మాయి కలిసి ఊరూరా ప్రదర్శన ఆటలు ఆడారు. అందరూ పిల్లలే. జనం తండోపతండాలుగా వచ్చారు. లక్షన్నర డాలర్ల దాకా వసూలైందని చెబుతారు.

అయితే ఆ పర్యటనలోనే బాబీ లోపమూ అందరి కళ్ళా పడింది. మట్టి రోడ్డు మీద గెంతులేసిన కోపం వయసుతోపాటు తగ్గలేదు, పెరిగింది. బోస్టన్ దగ్గర ఓ ఆటలో దెబ్బ తప్పిందని కర్ర విసిరేశాడు. అది చాలదన్నట్టు బంతినీ విసిరికొట్టాడు. వందలమంది ముందు పక్కనే నిలబడ్డ అలెక్సాకి తల కొట్టేసినట్టయింది.

1921లో ఇంకా ఘోరం. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అంటే గోల్ఫ్‌కి పుట్టినిల్లులాంటిది. అక్కడ బ్రిటిష్ ఓపెన్‌లో ఆడుతూ, ఇసుక గోతిలో పడ్డ బంతి ఎంతకీ బయటికి రాక, ఆట మధ్యలోనే విరమించాడు. ఆ క్షణంలో పందొమ్మిదేళ్ళ ఛాంపియన్‌కీ, వంతెన కిందకి బంతి పోయిందని ఏడ్చిన అయిదేళ్ళవాడికీ తేడా లేదు. అదే ఏడాది అమెరికాలో సెయింట్ లూయీలో జరిగిన పోటీలో విసిరిన కర్ర ఎగిరి ఆట చూస్తున్న ఒకామె కాలికి తగిలింది. ఇలాగైతే ఇక ఆడనివ్వమని జాతీయ గోల్ఫ్ సంఘం నుంచి హెచ్చరిక వచ్చింది.

బాబీ అప్పుడు నిజంగా సిగ్గుపడ్డాడు. నైపుణ్యం ఎంత ఉన్నా గెలుపు ఎందుకు దక్కడంలేదో అర్థం చేసుకున్నాడు. కోపం రాకుండా పోలేదు, జీవితాంతం వచ్చింది. దాన్ని మింగడం నేర్చుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1923లో, అమెరికా ఓపెన్ గెలిచాడు.

ఎవరూ చూడకపోయినా...

1925లో అమెరికా ఓపెన్. బాబీ బంతి గడ్డిలో పడింది. కొట్టబోయే ముందు కర్ర గడ్డికి తగిలి బంతి రవ్వంత కదిలింది. ఎవరూ చూడలేదు. బాబీ చూశాడు. ఆట నియమం ప్రకారం అది ఒక దెబ్బతో సమానం. అధికారులు వచ్చారు, అడిగారు, మాకేం కనిపించలేదన్నారు. బంతి కదిలిందని బాబీ పట్టుబట్టి తన మీద తనే ఒక దెబ్బ జరిమానా వేయించుకున్నాడు.

పోటీ ముగిసేసరికి బాబీ, విల్లీ మెక్‌ఫర్లేన్ సమానం! ఆ ఒక్క దెబ్బ కలపకపోతే కప్పు అప్పుడే బాబీదయ్యేది. విజేతను తేల్చడానికి ఇద్దరితో మళ్ళీ ఆడించారు. అందులో బాబీ ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. జనం నిజాయతీని మెచ్చుకుంటే అతనికి ఇబ్బందిగా అనిపించింది. దొంగతనం చెయ్యనందుకు ఎవరైనా మెచ్చుకుంటారా అన్నది అతని అభిప్రాయం.

ఆరేళ్ళప్పుడు తప్పు లెక్కవల్ల ఒక కప్పు వచ్చింది. ఇరవైమూడేళ్ళప్పుడు సరైన లెక్క చెప్పి ఒక కప్పు వదులుకున్నాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని బాబీ ఎక్కడా చెప్పలేదు. చదివే మనకి మాత్రం తట్టకుండా ఉంటుందా?

చదువూ, సంసారం, నాలుగు కప్పులు

ఇన్ని ఆడుతూ చదువు మానేశాడా అంటే అదీ లేదు. జార్జియా టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్, హార్వర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. తరవాత ఎమరీలో లా మొదలుపెట్టి, పూర్తి కాకముందే లాయరు పరీక్ష పాసై తండ్రి ఆఫీసులో చేరాడు. 1924లో మేరీ మలోన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పెట్టుకున్న పేరేమిటో ఊహించగలరా? తన తల్లి పేరే, క్లారా.

బాబీ జీవితంలో ఏనాడూ డబ్బు బహుమతి కోసం పోటీల్లో ఆడలేదు. ఏడాదిలో కొద్ది నెలలే ఆట, మిగతా అంతా ఉద్యోగం, ఇల్లు. అయినా 1923 నుంచి 1930 దాకా ఎనిమిదేళ్ళలో పదమూడు పెద్ద టైటిళ్ళు గెలిచాడు. 1921లో ఆట మధ్యలో వదిలేసి వచ్చిన ఆ సెయింట్ ఆండ్రూస్‌లోనే 1927లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. కప్పుని అట్లాంటాకి తీసుకెళ్ళకుండా ఇక్కడే ఉంచమని అక్కడి క్లబ్బుని కోరాడు. ఆ ఊరివాళ్ళ మనసు గెలవడానికి అంతకన్నా ఏం కావాలి!

ఇక 1930. బ్రిటిష్ అమెచ్యూర్, బ్రిటిష్ ఓపెన్, అమెరికా ఓపెన్, అమెరికా అమెచ్యూర్... అప్పటి నాలుగు పెద్ద పోటీలూ ఒకే ఏడాదిలో గెలిచేశాడు. ఆ నాలుగింటినీ ఒకే ఏడాది గెలిచినవాళ్ళు అతనికి ముందూ లేరు, తరవాతా లేరు. ఆఖరిది గెలిచింది మెరియన్‌లోనే, పద్నాలుగేళ్ళప్పుడు తొలిసారి ఆడిన చోట. అంతకుముందే న్యూయార్క్ వీధుల్లో ఊరేగించి, కాగితాల వాన కురిపించారు.

ఆ నవంబర్‌లో, ఇరవై ఎనిమిదేళ్ళకే, పోటీల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించాడు. పోటీ ఆడిన ప్రతిసారీ తిండి సయించేది కాదు, బరువు తగ్గిపోయేవాడు. చిన్నప్పుడు ఆట అతని ఆకలి తెచ్చింది, పెద్దయ్యాక పోటీ అదే ఆకలిని చంపింది. ఆటకీ పోటీకీ ఉన్న తేడా ఇదేనేమో. తరవాత గోల్ఫ్ నేర్పే చిన్న సినిమాల్లో నటించాడు, ఆగస్టా అనే ఊళ్ళో స్నేహితులతో కలిసి ఆగస్టా నేషనల్ క్లబ్ స్థాపించాడు. 1934లో అక్కడ మొదలైన పోటీనే ఇప్పుడు మాస్టర్స్ అంటున్నారు.

చక్రాల కుర్చీలో

1948 ఆగస్టులో బాబీ ఈస్ట్‌లేక్‌లో చివరిసారి ఆడాడు. తొలి కర్ర పట్టిందీ అక్కడే, ఆఖరి కర్ర దించిందీ అక్కడే. చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, నొప్పి, అడుగు తడబడటం... సిరింగోమైలియా అనే అరుదైన వెన్నుపాము జబ్బని తరవాత తేల్చారు. ఆపరేషన్లు చేసినా లాభం లేకపోయింది. చేతికర్ర వచ్చింది, తరవాత కాళ్ళకి పట్టీలు, చివరికి చక్రాల కుర్చీ. వేళ్ళు వంగక, కలాన్ని టెన్నిస్ బంతికి గుచ్చి, ఆ బంతిని పట్టుకుని సంతకం చేసేవాడు. ఇరవై ఏళ్ళపైనే ఇలా బతికినా, తన జబ్బు గురించి నలుగురిలో వాపోయేవాడు కాదు. కర్రలు విసిరిన మనిషేనా ఇతనని చూసినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

1958లో సెయింట్ ఆండ్రూస్ ఊరు అతన్ని తన గౌరవ పౌరుడిగా చేసుకుంది. అంతకుముందు ఆ గౌరవం దక్కిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. సభ ముగిశాక బాబీ బయటికి వెళ్తుంటే జనం లేచి నిలబడి ఓ పాత వీడ్కోలు పాట అందుకున్నారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. 1971 డిసెంబర్ 18న, అరవైతొమ్మిదేళ్ళ వయసులో, అట్లాంటాలో బాబీ కన్నుమూశాడు.

అలెక్సా బాకీ

అలెక్సా న్యూయార్క్‌లో బాండ్లు అమ్మే ఉద్యోగం చేసింది. 1925లో కెనడాకి చెందిన డాక్టరు ఫ్రేజర్‌ని పెళ్ళి చేసుకుని ఒట్టావాలో స్థిరపడింది. అంతకుముందు 1920లో ఒకసారి గెలిచిన కెనడా మహిళల టైటిల్‌ని 1934లో మళ్ళీ గెలిచింది. 1977లో చనిపోయింది. ప్రపంచానికి బాబీ పేరు గుర్తుంది. ఆమె పేరు గోల్ఫ్ చరిత్ర చదివినవాళ్ళకే తెలుసు.

బాబీ స్థాపించిన ఆగస్టా క్లబ్బు కూడా చాలా ఏళ్ళు మగవాళ్ళ క్లబ్బుగానే ఉండిపోయింది. నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకోవడానికి 1990 దాకా పట్టింది. ఆడవాళ్ళని చేర్చుకోవడానికి 2012 దాకా! తన మీద తనే జరిమానా వేసుకున్న మనిషి, తన క్లబ్బు గుమ్మం ముందున్న ఈ అన్యాయాన్ని సరిచెయ్యలేదన్న మాట కూడా చెప్పుకోకపోతే ఈ కథ పూర్తి కాదు.

కానీ 2014 నుంచి అక్కడ ఓ ముచ్చటైన పని జరుగుతోంది. ఏటా మాస్టర్స్ మొదలయ్యే ముందు ఆదివారం నాడు, ఏడు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఆ మైదానంలో చిన్న పోటీ పెడుతున్నారు. దూరం కొట్టడం, గుంత దగ్గరికి కొట్టడం, లోపలికి తొయ్యడం... అంతే. బాబీ టోపీలో బంతులు పోసుకుని ఆడుకున్న ఆటే దాదాపుగా! చివరి అంచెకి వచ్చేది నలభైమంది అబ్బాయిలు, నలభైమంది అమ్మాయిలు. అమ్మాయి గెలిస్తే కప్పు అమ్మాయిదే.

మూడంగుళాల కప్పు బాకీ పూర్తిగా తీరిందనలేం. తీరడం మొదలైందని మాత్రం అనుకోవచ్చు.

మీ పిల్లలతో ఆడించాలంటే...

మైదానం అక్కర్లేదు, ఖరీదైన సామానూ అక్కర్లేదు. బాబీ చిన్నతనం చెప్పే మాటలివి.

* కర్ర పిల్లల ఎత్తుకి తగ్గట్టుండాలి. నిలబడితే నడుం దాకా వచ్చే తేలికపాటి ప్లాస్టిక్ కర్ర చాలు. ఇంట్లో స్పాంజి బంతి, పెరట్లో రబ్బరు బంతి.

* గుంత దగ్గర నుంచే మొదలుపెట్టండి. హాల్లో స్టీలు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, రెండడుగుల దూరం నుంచి బంతిని లోపలికి తొయ్యమనండి. పడిందంటే పిల్లల మొహం వెలిగిపోతుంది. తరవాత ఒక్కో అడుగూ వెనక్కి జరపండి.

* కర్ర తిప్పేటప్పుడు మిగతా పిల్లలు కనీసం నాలుగైదు అడుగులు వెనక్కి నిలబడాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. కర్ర విసిరితే ఆ పూటకి ఆట బంద్.

* పాఠాలు చెప్పకండి. మీరూ ఓ కర్ర పట్టుకుని ఆడండి. మీరు తప్పు కొట్టి నవ్వితే, తప్పు కొట్టి నవ్వడం వాళ్ళకీ వస్తుంది.

* విసుగు రాకముందే ఆపెయ్యండి. ఇంకొంచెంసేపు అని మారాం చేస్తుండగా ఆపితే, రేపు వాళ్ళే పిలుస్తారు.

* ఎన్ని దెబ్బలు కొట్టారో ఎవరి లెక్క వాళ్ళనే చెప్పనివ్వండి. ఒకటి తక్కువ చెప్పినా పట్టుకుని తిట్టకండి. నిజం చెప్పిన రోజు మాత్రం గమనించినట్టు తెలియనివ్వండి.

* చివరగా, బహుమతి చాక్లెట్టే అయినా సరే, గెలిచినవాళ్ళకే ఇవ్వండి. గెలిచింది అక్కయితే అక్కకే!